దోర్న అన్న మాట

మొదటి దెబ్బ ఎలాదియో చెవి వెనక పడింది. ఐసు దిమ్మలు పగలగొట్టే కొయ్యసుత్తి అది. అరవై దాటిన ఆ మనిషి అరవనైనా లేదు. మోకాళ్ల మీద కూలబడి, రొయ్యల నీళ్లు పారుతున్న నేల మీదికి పక్కకి ఒరిగిపోయాడు.

"వద్దు నానీ అన్నా! ఆయన ఫారినరు!" అని బెన్నీ పెట్టిన కేక విని శాంభవి ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె చూస్తుండగానే సుత్తి మళ్లీ లేచింది. ఈసారి బెన్నీ చేతి మీద పడింది. స్టీలు బల్ల మీద ఆనిన అతని కుడిచెయ్యి, అందులో గడ్డకట్టిన రొయ్యల పొట్లం, రెండూ ఒకే చప్పుడుతో నలిగాయి.

కాసేపటి కిందటిదాకా ఆమెకి అదొక మామూలు పనిరోజు. శాంభవిది విజయవాడ సత్యనారాయణపురం. హైదరాబాద్‌లో స్పానిష్ చదువుకుని, ఇంట్లోంచే ఆన్‌లైన్ పాఠాలు చెబుతుంది. స్పెయిన్ నుంచి రొయ్యలు కొనేవాళ్లు వస్తే దుబాసీగా వెంట వెళుతుంది. ఎలాదియో స్పెయిన్‌లో వాయవ్య మూలన ఉన్న గలీసియా అనే సముద్రతీరపు సీమ మనిషి. హనుమాన్ జంక్షన్ దాటాక పొలాల మధ్య ఉన్న ఈ ఫ్యాక్టరీ సరుకులో నిషేధించిన మందు ఆనవాళ్లు కనపడటంతో, కొనే కంపెనీ ఆయన్ని తనిఖీకి పంపింది. గన్నవరం ఎయిర్‌పోర్టుకి ఫ్యాక్టరీవాళ్లే కారు పంపారు. యజమాని వెంకటప్పయ్య ఎదురొచ్చి దండం పెట్టాడు.

ల్యాబులో పనిచేసే కుర్రాడు బెన్నీ కోల్డ్ రూము చూపిస్తానని ఎలాదియోని తీసుకెళుతుంటే శాంభవి కూడా లేవబోయింది. "మీరెందుకండీ ఆ చలిలో? బెన్నీకి ఇంగ్లీషొచ్చుగా. కాఫీ తాగండి" అన్నాడు వెంకటప్పయ్య. ఆమె కూర్చుండిపోయింది. లోపల బెన్నీ, యజమాని చూపించమన్న పొట్లాలు పక్కనబెట్టి, దాచేసిన అసలు సరుకు తీసి ఎలాదియో చేతికిచ్చాడు. వెంకటప్పయ్య మేనల్లుడు నాని అది చూశాడు.

"మా కూడు తింటా మమ్మల్నే పట్టిస్తావురా?" అంటూ నాని మూడోసారి సుత్తి ఎత్తాడు.

శాంభవి వెనకనుంచి వెళ్లి వాడి మోచెయ్యి పట్టుకుని వేలాడింది. వాడు ఒక్క విదిలింపు విదిలించాడు. ఆమె మొహం బల్ల అంచుకి కొట్టుకుంది. నోట్లో ఉప్పగా తగిలింది. నాలుకతో తడుముకుంటే ముందు పన్ను ఊగుతోంది. ఎవడో ఆమె జడ పట్టుకుని బయటికి ఈడ్చాడు. హాల్లో రొయ్యల తలలు వలిచే ఆడవాళ్లు చేతులు ఆపలేదు, తలలు ఎత్తలేదు. గుమ్మం దాటుతుండగా ఆమెకి చివరగా కనపడింది నేలమీద తెరుచుకున్న ఎలాదియో కళ్లు, వాటి అవతల బెన్నీ పొట్టలో దిగుతున్న నాని కాలు.

"బయటివాళ్లురా! బయటివాళ్ల మీద చెయ్యేశావేంట్రా వెధవా!" అని వెంకటప్పయ్య తల బాదుకుంటున్నాడు. రక్తం చూసి కాదు, బయటివాళ్లని గుర్తొచ్చి.

"యాక్సిడెంటు మావయ్యా. కారు కాలవలో పడింది. అంతే" అన్నాడు నాని.

ఎయిర్‌పోర్టుకి పంపిన అదే కారు వెనకసీట్లో ఎలాదియోని తోశారు, ఆయన మీద ఆమెని తోశారు. ఆమె లేవబోతే నాని పిడికిలితో ముక్కు మీద గుద్దాడు. కళ్లు తెరిచి చూసేసరికి కారు ఏలూరు కాలవ గట్టు మీద ఉంది. ముందు ఎవరూ లేరు. వెనకనుంచి ఎవరో నెడుతున్నారు. కారు ముక్కు కిందికి వాలింది.

నీళ్లు మొదట కాళ్లకి తగిలాయి. ఆ వెంటనే నడుముకి. తలుపు తన్నితే కదల్లేదు. ఎలాదియో పక్కన అద్దం సగం దించి ఉంది. ఆ సందులోంచి మట్టిరంగు నీళ్లు కుండతో కుమ్మరించినట్టు పడుతున్నాయి. ఆమె ఆ సగం అద్దాన్ని రెండు కాళ్లతో తన్నింది. తన్నింది. పగిలిన అంచు పిక్కని కోసింది. ముందు తను దూరి, మళ్లీ చేతులు లోపలికి పెట్టి ఎలాదియో కాలరు పట్టుకుని లాగింది. ఆయన కదలడు. ఊపిరి అయిపోతోంది. జుట్టు పట్టుకుని లాగింది. కారు ఒక పక్కకి ఒరగడంతో ఆయన బుజాలు బయటికి జారాయి. నాట్లు వేస్తున్న ఆడకూలీలు కారు పడిన చప్పుడు విని పరుగెత్తుకొచ్చి, ఒకరి చీర కొంగు ఒకరు పట్టుకుని నీళ్లలోకి దిగి ఇద్దర్నీ గట్టుకి చేర్చారు.

గన్నవరం దగ్గర ఆస్పత్రిలో శాంభవి పిక్కకి కుట్లు వేశారు. ముక్కు ఎముక విరిగిందన్నారు. ఎలాదియో పుర్రె చిట్లింది, లోపల రక్తం గడ్డకట్టకుండా చూస్తున్నామన్నారు. ఎస్సై శ్రీదుర్గ వచ్చి మంచం పక్కన నిలబడింది. పొట్టిగా, గట్టిగా, తక్కువ మాటలతో ఉండే మనిషి. శాంభవి చెప్పిందంతా విని, ఫోన్లో ఫ్యాక్టరీకి మనుషుల్ని పంపించింది.

"నాని పరారీ. ఫోను ఆపేశాడు. వెంకటప్పయ్యగారేమో మీ కారు యాక్సిడెంటయిందని ఇప్పుడే తెలిసిందంటున్నాడు. బెన్నీ పొద్దున్నే పని మానేసి వెళ్లిపోయాడంట" అంది శ్రీదుర్గ. "అసలు ఆ అబ్బాయి ఎక్కడున్నాడో తెలియాలి ముందు."

తెరేసమ్మ అప్పటికే వచ్చింది. బెన్నీ వాళ్లమ్మ. హనుమాన్ జంక్షన్‌లో ఇడ్లీ బండి నడుపుకుంటుంది. చేతులకి ఇంకా పిండి అంటుకునే ఉంది. ఆమె ఏడవలేదు. శాంభవి మంచం కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

"నా కొడుకుని చివరిసారి చూసింది మీరేగదమ్మా. చచ్చిపోయాడా?"

"కొడుతున్నారు. అప్పటికి బతికే ఉన్నాడండీ."

"అది చాలు నాకు" అంది తెరేసమ్మ. కడ్డీ మాత్రం వదల్లేదు.

ఎలాదియోకి స్పృహ వచ్చిందని నర్సు చెప్పింది. ముగ్గురూ వెళ్లారు. ఆయన కళ్లు తిరుగుతున్నాయి. డాక్టరు ఇంగ్లీషులో పేరడిగితే అర్థం కానట్టు చూశాడు. శాంభవి స్పానిష్‌లో అడిగింది. జవాబు స్పానిష్‌లో రాలేదు. ఆ తల దెబ్బకి ఇంగ్లీషూ పోయింది, బళ్లో నేర్చిన స్పానిషూ పోయింది. పుట్టిన ఊరి గలీసియన్ ఒక్కటే మిగిలింది. అది స్పానిష్‌కి దగ్గరి చుట్టం. మెల్లగా మాట్లాడితే శాంభవికి తెలుస్తుంది.

"మెతేరొన్ ఓ రపాస్ న దోర్న" అన్నాడు ఆయన. మళ్లీ అదే. చెయ్యి ఎత్తబోయి ఎత్తలేక, "న దోర్న... న దోర్న..."

"ఏమంటున్నారండీ?" అంది శ్రీదుర్గ.

"కుర్రాణ్ని పెట్టారు అంటున్నాడు. దోర్నలో పెట్టారట." ఆ ఒక్క మాటే ఆమెకి తెలీదు. నర్సు ఫోను అడిగి అందులో వెతికింది. మొదట దొరికిన అర్థమే, బొమ్మతో సహా, స్పష్టంగా ఉంది. ఒంటి తెరచాప, పలకలు పేర్చి కట్టిన పొట్టి పక్కలు, గలీసియా బెస్తవాళ్ల చిన్న పడవ.

"పడవ. పడవలో పెట్టారంటున్నాడు మేడం."

శ్రీదుర్గ ఇక ఆగలేదు. ఫ్యాక్టరీకి చుట్టూ చెరువులున్నాయి. ప్రతి చెరువులోనూ మేత చల్లే పడవలున్నాయి. అవతలికి వెళితే కొల్లేరు, కొల్లేటి నిండా దోనెలు. "చెరువులన్నీ వెతికిస్తాను. కొల్లేట్లోకి కూడా మనుషుల్ని దింపుతాను" అంటూ జీపెక్కింది.

మధ్యాహ్నం గడిచింది. మధ్యమధ్య శ్రీదుర్గ ఫోను. ఒక పడవ బోర్లించి చూశాం, లేడు. ఇంకో పడవ, లేడు. ఫ్యాక్టరీ లోపల కూడా ఒక చుట్టు తిరిగాం, ఏమీ లేదు. ప్రతి ఫోనుకీ తెరేసమ్మ లేచి నిలబడేది, మళ్లీ కూర్చునేది. మెళ్లో శిలువ లాకెట్టుని పెదాలకి ఆనించుకుని ఏదో గొణుక్కునేది.

శాంభవి తండ్రి శ్రీరామచంద్రమూర్తి పొడి బట్టలు తీసుకుని బస్సులో వచ్చాడు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కూతురి ఉబ్బిన మొహం చూసి సంచిలోంచి చీర తీయడమూ మళ్లీ పెట్టడమూ చేస్తూ కూర్చున్నాడు. లోపల్నుంచి ఎలాదియో గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది.

"ఏమిటమ్మా ఆయన పదేపదే అంటున్నది?"

"దోర్న. పడవ నాన్నా."

"దోర్న..." ఆయన ఆ మాటని నోట్లో వేసుకుని తిప్పి చూశాడు. "మన దోనెలా ఉందే. ఆ పోలికకి చుట్టరికం ఉందని చెప్పలేం గానీ, దోనె కూడా పడవే కదా. కొల్లేటివాళ్ల తాటిదోనె. తాటిమాను దొలిచి చేస్తారు." కూతురిని మాటల్లో పెడితే నొప్పి మరుస్తుందనుకున్నాడేమో, ఇంకా చెప్పాడు. "సంస్కృతంలో ద్రోణి. అసలు అర్థం కొయ్యతొట్టి. మా అమ్మమ్మగారి ఊళ్లో గొడ్లకి నీళ్లు పోసే తొట్టినీ దోనే అనేవాళ్లు. దొలిచిందేదైనా దోనే. నీళ్లు లోపలుంటే తొట్టి, బయటుంటే పడవ."

శాంభవి ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టు బిగిసి ఆయనకి నొప్పెట్టింది.

"తొట్టా?"

కొనే కంపెనీవాళ్లు ఆస్పత్రికి పంపిన ఎలాదియో కూతురి నంబరుకి తండ్రి ఫోనులోంచి చేసింది. అక్కడ ఇంకా ఉదయమే. ఉషీయా అనే ఆ కూతురు ఫోనెత్తగానే ఏడుపు మొదలెట్టింది. "ఏడవొద్దు, ముందు ఇది చెప్పండి. మీ ఇంట్లో దోర్న అంటే ఏమిటి?" అంది శాంభవి.

"దోర్నా? పడవ. మా ముత్తాతకి ఉండేది."

"ఇంకేమీ కాదా? మీ నాన్న చిన్నప్పుడు దేన్ని దోర్న అనేవాడు?"

"మా నానమ్మ... ద్రాక్షలు వేసి కాళ్లతో తొక్కే కొయ్యతొట్టిని దోర్న అనేది. చలికాలం పంది మాంసం అందులోనే ఉప్పులో వేసేది. నాన్నకి పడవ కంటే ముందు తెలిసిన దోర్న అదే. ఆయన చిన్నప్పుడు అందులోనే దాక్కునేవాడట." ఆమె ముక్కు చీదింది. "మా పంతులు ఒకాయన అది ఇంకా పాత మాట అనేవాడు. దాని వేరులో పిడికిలి అని అర్థం ఉందట. గుప్పెడు, గుప్పెడు కొలిచే పాత్ర, తొట్టి, ఆ తర్వాత పడవ. కాదు, ఉత్తరదేశాల ఓడదొంగలతో వచ్చిందని ఇంకొకరు. నాకు తెలీదు. నాన్న ఎలా ఉన్నారు?"

శాంభవికి ఫ్యాక్టరీ హాలు కళ్లముందు నిలిచింది. గోడ పొడుగునా పసుపు రంగు, నీలం రంగు ప్లాస్టిక్ టబ్బులు. మనిషి నడుము దాటి ఎత్తు, పైన బరువు మూతలు. లోపల ఐసు, రొయ్యలు. ఎలాదియో ఆ నేలమీద పడి కళ్లు తెరిచే ఉన్నాడు. అన్నీ చూశాడు. చూసింది చెప్పాడు. తను పడవ అని చెప్పి, పోలీసుల్ని చెరువుల మీదికి పంపింది.

ఎలాదియో మంచం దగ్గరికి పరుగెత్తింది. నీళ్ల బకెట్టు చూపించి, దాని మీద అరచెయ్యి మూతలా పెట్టి, "దోర్న?" అంది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. "సి. సి. దోర్న."

శ్రీదుర్గకి ఫోను కలిపింది. "మేడం, పడవ కాదు. తొట్టి. ఫ్యాక్టరీ టబ్బుల్లో ఉన్నాడు. నేనే తప్పు చెప్పాను."

"నేనూ నా మనుషులూ కొల్లేటి నడిమధ్యలో ఉన్నామండీ. ఒడ్డుకి రావాలి. వస్తున్నా. మీరు మాత్రం కదలొద్దు."

శాంభవి ఫోను పెట్టేసి చూస్తే తెరేసమ్మ గుమ్మంలో లేదు. బయట ఆటో మాట్లాడుతోంది. శాంభవి కుంటుకుంటూ వెళ్లి పక్కన ఎక్కింది. వెనకనుంచి తండ్రి పిలుస్తున్నాడు. "నాన్నా, ఆయన దగ్గర కూర్చోండి" అని అరిచింది. ఆటో కదిలింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ జక్కయ్య అడ్డం నిలబడ్డాడు. "ఎవర్నీ రానివ్వొద్దన్నారు తెరేసా. నా ఉద్యోగం పోద్ది."

"జక్కయ్యా, నా మొహం చూడు. నా కొడుకు లోపల ఉన్నాడా, లేడా?"

అతను ఆమె మొహం చూడలేకపోయాడు. గొళ్లెం తీసి పక్కకి తప్పుకున్నాడు.

సరుకెక్కించే తలుపు దగ్గర కంటైనరు లారీ ఇంజను ఆన్ చేసి ఉంది. టబ్బులు అందులోకి ఎక్కిస్తున్నారు. శాంభవి కుంటికాలితోనే పరుగందుకుంది. లోపల హాల్లో ఆడవాళ్లు అలాగే వరసగా నిలబడి రొయ్యలు వలుస్తున్నారు. తెరేసమ్మ మొదటి టబ్బు మూత ఎత్తి కింద పడేసింది. రొయ్యలు. రెండోది, ఐసు. శాంభవి ఇంకో వరసలో మొదలెట్టింది. ఖాళీ. రొయ్యలు. ఖాళీ. చలికి వేళ్లు కొయ్యబారుతున్నాయి. "బెన్నీ! ఒరేయ్ బెన్నీ!" అని తెరేసమ్మ ప్రతి తొట్టిలోకీ వంగి పిలుస్తోంది.

వలిచేవాళ్లలో ఒకామె చేతులాపింది. గోడ చివరనున్న నీలం టబ్బుల వైపు చూసింది. ఆ చూపు పట్టుకుని తెరేసమ్మ అటు నడిచేలోగా, లారీ వైపు నుంచి నాని వచ్చాడు.

పోలీసులు తిరిగి వెళ్లాక వాడు వెనక తలుపులోంచి మళ్లీ లోపలికొచ్చాడు. చేతిలో పొద్దుటి సుత్తే ఉంది. శాంభవిని చూసి ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడ్డాడు.

"కాలవ సరిపోలేదా ఏంటే నీకు?"

తెరేసమ్మ వాడికి ఎదురెళ్లింది. "నా బిడ్డనియ్యి. నీ ఫ్యాక్టరీ నువ్వేలుకో, నా బిడ్డని నాకియ్యి."

వాడు ఆమె మెడ వెనక పట్టుకుని నుదురు టబ్బు అంచుకి బాదాడు. మళ్లీ బాదాడు. ఆమె కాళ్లు మడతపడ్డాయి. శాంభవి మీదికి దూకితే సుత్తి తిప్పాడు. తల తప్పించుకుంది గానీ ఎడమ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకి వినపడింది. నొప్పి తెలియలేదు. కుడిచెయ్యి గోడవైపు తడుముకుంది. ఐసు దిమ్మల్ని లాగే పొడవాటి ఇనప కొక్కెం తగిలింది.

మొదటి దెబ్బ వాడి బుజం మీద పడింది. సుత్తి జారిపోయింది. రెండోది దవడ మీద. వాడు చేతులు అడ్డం పెట్టుకుంటూ వెనక్కి పడ్డాడు. అక్కడితో సరిపోయేది. ఆమె ఆగలేదు. కింద పడినవాడి మీద నిలబడి కొట్టింది. మోకాలి మీద కొట్టింది, పక్కటెముకల మీద కొట్టింది, వాడు మొహం తిప్పుకుంటే చెవి మీద కొట్టింది. వాడి నోట్లోంచి మాటకాని శబ్దమేదో వస్తోంది. తన నోట్లోంచి కూడా వస్తోందని ఆమెకి తెలీదు. లారీ దగ్గరివాళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. వలిచే ఆడవాళ్లలో ఒక్కరూ వాణ్ని లేవదీయడానికి కదల్లేదు.

"చాలమ్మా!" తెరేసమ్మ నేలమీద నుంచే ఆమె కాలు పట్టుకుంది. ఆమె నుదుటి రక్తం కళ్లలోకి కారుతోంది. "వాణ్నొదిలెయ్. నా బిడ్డ... అదుగో, ఆ మూత తియ్యి."

కొక్కెం చేతిలోంచి జారిపోయింది. ఇద్దరూ కలిసి ఒంటిచేత్తో ఒకరు, కనపడని కళ్లతో ఒకరు, చివరి నీలం టబ్బు మూత తోశారు.

బెన్నీ మోకాళ్లు గడ్డానికి ముడుచుకుని పడి ఉన్నాడు. కరుగుతున్న ఐసు ముక్కల్లో పాదాలు కూరుకుపోయి తెల్లగా ఉబ్బి ఉన్నాయి. అడుగున నీళ్లు పోయే బెజ్జానికి బిరడా లేదు. అందులోంచి వచ్చే కాస్త గాలికి మొహం ఆనించుకుని ఉన్నాడు. చచ్చాడనుకుని పెట్టిన మనిషి ఎప్పుడో స్పృహ వచ్చి, ఆ బెజ్జాన్ని వెతుక్కున్నాడు. పెదాలు నల్లగా ఉన్నాయి. తెరేసమ్మ ఆ తొట్టిలోకి దిగిపోయింది. అతన్ని తన ఒడిలోకి లాక్కుని, నోటిదగ్గర చెవి పెట్టింది. ఆ తర్వాతే ఆమె ఏడిచింది. హాలంతా మారుమోగేలా ఏడిచింది.

రొయ్యలు వలిచే ఆడవాళ్లు అప్పుడు కదిలారు. తొడుగులు విప్పేసి, వాళ్ల పొడి పైటలూ స్వెటర్లూ తెచ్చి బెన్నీ మీద కప్పి, కాళ్లు చేతులు రుద్దడం మొదలెట్టారు. శ్రీదుర్గ జీపు వచ్చేసరికి నాని ఇంకా అక్కడే పడి ఉన్నాడు. శాంభవి వాడి పక్కనే నేలమీద కూర్చుని, ఊగుతున్న పన్నుని నాలుకతో నెట్టుకుంటోంది.

బెన్నీ బతికాడు. కుడిపాదం వేళ్లు తీసేశారు. కుడిచేతిలో రెండు వేళ్లు ఇక మడవలేడన్నారు. తెరేసమ్మ నుదుటికి కుట్లు పడ్డాయి, ఎడమకన్ను చూపు మసకబారింది. ఎలాదియోకి కొన్నాళ్లకి స్పానిష్ తిరిగొచ్చింది, ఇంగ్లీషు కొంచెం కొంచెం వచ్చింది. కూతురు వచ్చి తీసుకెళ్లేముందు ఆయన బెన్నీ మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఫ్యాక్టరీకి సీలు వేశారు. వెంకటప్పయ్య జైలుకి వెళ్లి బెయిలు మీద వచ్చాడు. నాని ఆస్పత్రి నుంచి జైలుకి వెళ్లాడు. వాడి దవడ తీగలతో కట్టారు, ఒక చెవి పనిచేయదన్నారు. వాళ్ల తరఫువాళ్లు శాంభవి మీద హత్యాప్రయత్నం అని కేసు పెట్టారు.

"భయంతో కొట్టాను, ఎన్ని కొట్టానో గుర్తులేదు అని చెప్పండి. చాలు" అన్నాడు ఆమె లాయరు.

విజయవాడ కోర్టులో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం రోజున శ్రీరామచంద్రమూర్తి కూతురితో వచ్చాడు. లోపల ఆమెని అడిగారు. "అతను కిందపడ్డాక కూడా కొట్టారా?"

"కొట్టానండీ."

"మీకు ప్రమాదం ఉందనుకునే కొట్టారా?"

లాయరు ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె మణికట్టుకి వేసిన కట్టుని చూసుకుంది. "మొదటి రెండు దెబ్బలూ అందుకే. తర్వాతవి కాదు. తెరేసమ్మగారు ఆపమనేదాకా కొట్టాను."

రాసుకునే గుమాస్తా ఒక్క క్షణం తలెత్తి, మళ్లీ రాసుకున్నాడు.

బయట వరండాలో ఒకే బల్ల ఉంది. సంతకాలకి మళ్లీ పిలుస్తామంటే శాంభవి అక్కడ కూర్చుంది. పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నలిగిన గుంటూరు చీర, పసుపుతాడు. చాలాసేపటికి ఆవిడ ఇటు తిరిగింది.

"నువ్వేనామ్మా ఆ అమ్మాయివి? నా పేరు రాజ్యలక్ష్మి. నాని వాళ్లమ్మని."

శ్రీరామచంద్రమూర్తి గబుక్కున అడ్డం రాబోయాడు. శాంభవి వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

"వాడు చేసింది నేను కాదనట్లేదు" అంది రాజ్యలక్ష్మి. గొంతు పెంచలేదు. "ఆ బిడ్డని ఐసులో పెట్టాడంటే నాకు అన్నం దిగట్లేదు. కానీ ఒకటి అడుగుతా. రెండో దెబ్బకే పడిపోయాడంటగా. మరి అన్నెందుకు కొట్టావమ్మా?"

శాంభవి ఆవిడ కళ్లలోకి చూసింది. "తెలీదండీ. ఆపాలనిపించలేదు."

రాజ్యలక్ష్మి తలూపింది. ఆ జవాబు చాలో చాలదో మొహంలో తెలియలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఎదురుగా గోడనే చూస్తూ ఉండిపోయింది.

మెట్ల మీద కర్రల చప్పుడైంది. తెరేసమ్మ ఒక చంక కింద చెయ్యి వేసి నడిపిస్తుంటే బెన్నీ పైకి వస్తున్నాడు. ఒక్కో మెట్టుకీ ఆగుతున్నాడు. వరండాలోకి వచ్చి, వాళ్లిద్దర్నీ పక్కపక్కన చూసి నిలబడిపోయాడు. ఆ పెద్దావిడ నాని తల్లని అతనికి తెలుసు.

రాజ్యలక్ష్మి లేచింది. గోడవారకి జరిగి నిలబడి, ఖాళీ అయిన చోటుని చేత్తో ఒకసారి తుడిచింది.

"కూర్చో నాయనా" అంది.

తెరేసమ్మ ఆవిడ వైపు చూడలేదు. కొడుకుని పట్టుకుని జాగ్రత్తగా బల్ల మీద కూర్చోబెట్టి, కర్రలు తీసి తన చంకలో పెట్టుకుంది. లోపల్నుంచి బంట్రోతు శాంభవి పేరు పిలిచాడు.